బాక్స్ మీద అంటించిన నోటీసుకు మనం కూడా జవాబు రాద్దాం

యూకేలో పల్లెల్లో, చిన్న చిన్న టౌన్లలో ఉంటున్న మన తెలుగువాళ్లందరికీ నమస్కారం.

మూడు వారాల కిందట మా ఊరి చర్చి పక్కనున్న ఎర్ర ఫోన్ బాక్స్ తలుపు మీద, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించిన ఒక కాగితం కనిపించింది. ఇక్కడి ఫోన్ తీసేద్దామనుకుంటున్నాం, ఊళ్లో ఉంటున్నవాళ్లు ఏమైనా చెప్పాలనుకుంటే ఫలానా తేదీలోగా చెప్పండి అని దాని సారాంశం. ఫోటో తీసి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాలు కాకముందే జవాబు వచ్చింది: "దాన్ని ఎవరు వాడుతున్నారన్నా ఇప్పుడు, అయినా మనకెందుకు?" ఆ మాటకి పద్నాలుగు మంది బొటనవేలు గుర్తు పెట్టారు. ఎవరు వాడుతున్నారన్నదానికి జవాబుంది, కింద ఓపిగ్గా రాస్తాను. ఆ "మనకెందుకు" అన్నదే నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. గ్రూపులో వాదన పెట్టుకోవడం ఇష్టంలేక, అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

నాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. 2007 సెప్టెంబరులో చదువుకోవడానికి న్యూకాసిల్ వచ్చాను. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఆ తర్వాత సిటీలో ఇళ్ల ధరలు అందక పడమటికి జరిగి జరిగి, హెక్సమ్ దాటాక కొండల మధ్య ఉన్న ఈ ఊళ్లో పదేళ్ల కిందట స్థిరపడ్డాం. నూటపాతిక గడపలు కూడా ఉండవు. చర్చి, పబ్బు, వారానికి మూడు రోజులు తెరిచే ఒక కొట్టు, బస్ స్టాపు, ఈ ఎర్ర బాక్సు. అంతే ఊరు.

ఈ దేశంలో దిగిన రాత్రి నేను ఇంటికి చేసిన మొదటి ఫోను ఇలాంటి బాక్సులోంచే. అప్పటికింకా సిమ్ తీసుకోలేదు. హాస్టల్ రిసెప్షన్లో కుర్రాడు వీధి చివరికి వేలు చూపించాడు. సీనియర్ ఒకాయన ఇచ్చిన 5 పౌండ్ల కాలింగ్ కార్డుని గోటితో గీకి, ముందు కార్డు మీద నంబరు, తర్వాత పిన్ను, ఆ తర్వాత 0091 నొక్కి ఇంటి నంబరు. మధ్యలో ఒక్క అంకె తప్పిందా, మళ్లీ మొదటికి. తలుపు లాగుతుంటే ఇనప్పెట్టె తలుపంత బరువు అనిపించింది. వదిలితే దానంతటదే మెల్లగా మూసుకుంది, వీధి హోరు సగానికి సగం తగ్గిపోయింది. ఇక్కడ రాత్రి పదకొండు, మా ఊళ్లో తెల్లవారుజాము మూడున్నర. అమ్మ ఎత్తి "ఎవరూ?" అంది. వేళకాని వేళ ఫోన్ మోగితే మన ఇళ్లల్లో గుండె ఎలా జారుతుందో మీకు తెలుసు కదా, ఆ "ఎవరూ"లో అదంతా ఉంది. "నేనేనమ్మా, చేరిపోయాను" అన్నాను. "తిన్నావా?" అంది. తినలేదు, తిన్నానని చెప్పాను. నా ఊపిరికి అద్దాల మీద ఆవిరి పట్టి బయట వీధి దీపాలు మసకమసకగా కనపడుతున్నాయి. నిమిషాలు అయిపోతున్నాయని కార్డు గొంతు చెప్పేదాకా నాన్నతో, చెల్లితో మాట్లాడుతూనే ఉన్నాను. ఆ రోజుల్లో వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మీకూ ఇలాంటి రాత్రి ఒకటి ఉండే ఉంటుంది.

అంతకుముందు మనకి ఎస్టీడీ బూతులు ఉండేవి. మా బస్టాండు పక్కన పసుపు బోర్డు, ఎస్టీడీ ఐఎస్డీ పీసీఓ అని నల్ల అక్షరాలు, లోపల ఒక మనిషి పట్టే గాజు గది, తల పైన ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు. పోలియో వచ్చిన ఒకాయన నడిపేవాడు, ఆ బూతు మీదే ఇద్దరు పిల్లల్ని చదివించాడు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని జనం బల్లల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లు. దుబాయ్‌లో మొగుళ్లున్న ఆడవాళ్లు, హైదరాబాదులో కోచింగ్‌కి వెళ్లిన పిల్లల తండ్రులు, అందరి సంగతులూ అందరికీ తెలిసేవి. ఒక సెలవుకి వెళ్లేసరికి అక్కడ మొబైల్ రీఛార్జి కొట్టు ఉంది. బూతు తీసేయాలా వద్దా అని మా ఊళ్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చి ఉండదు. ఇక్కడ కాగితం అంటించి మరీ అడుగుతున్నారు. ఊళ్లో ఉంటున్నవాళ్ల అభిప్రాయం కావాలి అంటున్నారు. కౌన్సిల్ టాక్స్ నెలనెలా కడుతున్నాం, పిల్లలు ఇక్కడి బడికే వెళ్తున్నారు, మంచుపడితే మన ఇంటి ముందు దారి మనమే ఊడ్చుకుంటున్నాం. ఊళ్లో ఉంటున్నవాళ్లు అంటే మనం కాకపోతే ఇంకెవరు?

నోటీసు మీద మాట్లాడుకోవడానికి పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) వాళ్లు విలేజ్ హాల్లో మీటింగ్ పెట్టారు. వెళ్లాను. ముప్పై మంది దాకా వచ్చారు, మా ఊరికి అది తిరునాళ్ల కిందే లెక్క. అక్కడ విన్నవి చెబుతాను, ఎందుకంటే అందరూ ఒక్క మాట మీద ఏమీ లేరు.

ఎనభై నాలుగేళ్ల పెద్దావిడ ఒకరు లేచి, పెళ్లికి ముందు వాళ్లాయనతో మాట్లాడిందంతా ఆ బాక్సులోంచేనని చెప్పింది. అప్పట్లో ఫోనుకి ఏ, బీ అని రెండు బటన్లు ఉండేవట. పెన్నీలు వేసి, అవతలివాళ్లు ఎత్తాక ఏ నొక్కితే మన గొంతు వాళ్లకి వినిపిస్తుంది, ఎత్తకపోతే బీ నొక్కితే డబ్బులు వెనక్కి. దారినపోయే పిల్లలంతా, ఎవరైనా నాణేలు మర్చిపోయారేమోనని లోపల దూరి బీ నొక్కి పోయేవాళ్లట. ఇది చెబుతుంటే ఆ వయసువాళ్లందరూ తలలూపారు. కొండ మీద గొర్రెలు పెంచే ఆయన ఒకటే మాట అన్నాడు: "నా ఫోనుకి మలుపు దాటాక సిగ్నల్ ఉండదు. ట్రాక్టర్ బోల్తాపడితే దగ్గర్లో ఉన్న ఫోను అదొక్కటే." ఈమధ్యే వచ్చిన ఒక యువజంట మాత్రం తీసేయడమే మేలన్నారు. రెండుసార్లు ఎవరో అద్దాలు పగలగొట్టారు, లోపల సాలెగూళ్లు, తడి వాసన, దాన్ని అలా వదిలేసి వారసత్వం అంటే ఎలా అన్నారు. వాళ్లన్నది అబద్ధం కాదు. మా బాక్స్ చూస్తే బాధేస్తుంది. ఎరుపు వెలిసి లేతగులాబీ అయింది, కింద అంచున పెయింటు పొరలు పొరలుగా లేచి ఇనుము కనిపిస్తోంది. ఒకావిడ, ఇంటికొకరు చొప్పున వారానికోసారి వెళ్లి ఒక కాల్ చేద్దాం, కాల్స్ లెక్క పెరిగితే ఫోను ఉంచుతారు అంది. అప్పుడు పారిష్ క్లర్కు, లెక్కేసేది గడిచిపోయిన పన్నెండు నెలలది అని చెప్పాడు. చప్పుడు లేదు.

ఆ చప్పుడు లేని క్షణంలో నేను లేవాల్సింది. లేవలేదు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకున్నాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

2021 నవంబరు 26 రాత్రి ఆర్వెన్ తుఫాను వచ్చింది. ఉత్తర ఇంగ్లండులో, స్కాట్లండులో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మా నార్తంబర్లాండులోనే బ్రిజ్లీ వుడ్ దగ్గర గంటకి 98 మైళ్ల గాలి నమోదైంది. కొన్ని చోట్ల వారం దాటినా కరెంటు రాలేదు. మాకు మొదటి రాత్రే కరెంటు పోయింది, మర్నాడు మధ్యాహ్నానికి మొబైల్ సిగ్నల్ పోయింది, టవర్లలో బ్యాటరీలు ఎంతసేపని ఉంటాయి. ఇంటి ఫోను అప్పటికే బ్రాడ్‌బ్యాండ్ డబ్బాలోంచి నడిచేది, కరెంటు లేకపోతే అది కూడా బొమ్మే. ఆ రాత్రి గోడ అవతలి ఇంటావిడ పెరట్లో కట్టెలకోసం వెళ్లి మంచుమీద జారి పడింది. ఒక్కతే ఉంటుంది. ఆవిడ కేక మా పెద్దమ్మాయి విన్నది. వెళ్లేసరికి కాలు పక్కకి తిరిగిపోయి ఉంది, పెదాలు నీలం. మా ఆవిడ దుప్పట్లు కప్పి పక్కన కూర్చుంది, నేను టార్చి పట్టుకుని చర్చి వైపు పరుగెత్తాను. తలుపు మంచుకి బిగుసుకుపోయింది, భుజంతో తోసి, కుదిపి, రెండు చేతులా లాగితే వచ్చింది. రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. డయల్ టోన్. ఆ ఒక్క చప్పుడు నాకు ఎంత ధైర్యమిచ్చిందో నేను రాయలేను. రాగితీగ లైన్లకి కరెంటు ఎక్స్చేంజి నుంచే వస్తుంది కాబట్టి ఊరంతా చీకటైనా అది బతికే ఉంది. 999 కొట్టాను, నాణెం అక్కర్లేదు. ఎక్కడున్నారు అని అడిగారు. కంగారులో మా పోస్ట్‌కోడ్ నోటికి రాలేదు. ఫోను పైన చిన్న కార్డు మీద ఈ బాక్స్ ఉన్న చోటు, పోస్ట్‌కోడ్ అచ్చువేసి ఉన్నాయి, టార్చి వెలుగులో అవి చదివాను. అంబులెన్సు చెట్లు పడిన దార్లు తప్పించుకుంటూ రావడానికి చాలాసేపే పట్టింది, కానీ వచ్చింది. ఆవిడ ఇప్పుడు కర్రతో నడుస్తోంది. మీటింగులో నా ముందు వరసలోనే కూర్చుంది.

ఎవరు వాడుతున్నారు అన్నదానికి నా దగ్గరున్న మొదటి జవాబు ఇది. సంవత్సరంలో మూడు వందల అరవై రోజులు ఎవరూ వాడరు. మిగతా రోజుల కోసమే అది ఉంది.

లెక్కలు కావాలన్నవాళ్ల కోసం కొన్ని చెబుతాను. టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చెప్పినదాని ప్రకారం 2020 మే వరకు ఏడాదిలో దేశం మొత్తమ్మీద ఫోన్ బాక్సుల నుంచి దాదాపు లక్షా యాభై వేల అత్యవసర కాల్స్ వెళ్లాయి. పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్‌కి 25 వేలు, మనసు బాగోలేనివాళ్లు మాట్లాడే సమారిటన్స్‌కి 20 వేలు. ఇది ముప్పై ఏళ్ల కిందటి సంగతి కాదు, కోవిడ్ మొదలైన ఏడాది వరకు. మొత్తం వాడకం పడిపోయిన మాట నిజమే, 2002లో 80 కోట్ల నిమిషాలు మాట్లాడిన బాక్సుల్లో 2020కి 70 లక్షల నిమిషాలే మాట్లాడారు. కంపెనీలు తీసేస్తామనడానికి కారణం అదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ మిగిలిన ఆ కొద్ది కాల్స్ ఎవరివో చూడండి. వేరే దారి లేనివాళ్లవి.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి, కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెబుతాను. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఫోను బిల్లు భర్త పేరు మీద, పాస్‌వర్డు అతని దగ్గర, ఎవరికి కాల్ చేసిందీ సాయంత్రం చూసే ఇల్లు, ఇలాంటి పరిస్థితిలో ఉన్న ఆడపిల్లకి, బస్ స్టాపు పక్కన ఒక ఫోను, నాణెం లేకుండా ఉచిత హెల్ప్‌లైన్‌కి మాట్లాడగలిగే ఫోను, ఇంట్లో ఏ లిస్టులోనూ కనపడని కాల్, ఎంత విలువైనదో ఆలోచించండి. మన సంఘాల్లో ఇది ఎవరూ పైకి మాట్లాడరు. నోటీసుకి జవాబు రాసేటప్పుడు అయినా మాట్లాడదాం.

ఇప్పుడు రూల్సు. ఇవి తెలియకే చాలా ఊళ్లు ఓడిపోతున్నాయి. 2021లో దేశంలో దాదాపు 21 వేల ఫోన్ బాక్సులు మిగిలి ఉంటే, వాటిలో సుమారు 5 వేలకి రక్షణ ఉండాలని ఆఫ్‌కామ్ ప్రతిపాదించి, 2022 జూన్‌లో ఖాయం చేసింది. రక్షణ దేనికి? ఆ చోట నాలుగు మొబైల్ నెట్‌వర్కుల్లో ఏ ఒక్కటి అందకపోయినా. ఎక్కువగా ప్రమాదాలో ఆత్మహత్యలో జరిగే చోటయితే. గడిచిన పన్నెండు నెలల్లో 52 కాల్స్ అయినా వెళ్లి ఉంటే, అంటే వారానికి ఒకటి. ఇవేవీ కాకపోయినా ఆ ఊరికి అది నిజంగా అవసరమని చూపించే ప్రత్యేక కారణం ఉంటే, ఉదాహరణకి హెల్ప్‌లైన్లకి అక్కడి నుంచి కాల్స్ వెళ్తుంటే. మొదటిది మళ్లీ చదవండి. నాలుగు నెట్‌వర్కులూ అందాలి. మీ ఫోనుకి సిగ్నల్ వస్తోందంటే సరిపోదు, మీ పక్కింటాయన నెట్‌వర్కుకీ రావాలి. మా ఊళ్లో ఒకటి కిటికీ దగ్గర నిలబడితే వస్తుంది, ఒకటి పబ్బు వెనక వస్తుంది, మిగతా రెండూ అసలు లేవు. సిగ్నల్ మ్యాపులో మాత్రం ఊరంతా రంగు పూసి ఉంటుంది. మ్యాపు కంటే మనం నిలబడి చూసి రాసిన మాటకి బలం ఎక్కువ, ఎందుకంటే అభిప్రాయం అడిగేదే అందుకు.

ఇంకో పెద్ద పొరపాటు, ఫోనూ బాక్సూ ఒకటే అనుకోవడం. రెండూ వేరు. ఫోను తీసేసినా ఆ ఇనప బాక్సుని ఊరే ఉంచుకోవచ్చు. 2008 నుంచి, ఈ బాక్సులు నడిపే టెలిఫోన్ కంపెనీ బీటీ ఒక పథకం నడుపుతోంది, పారిష్ కౌన్సిల్ గానీ నమోదైన చారిటీ గానీ 1 పౌండు కట్టి బాక్సుని దత్తత తీసుకోవచ్చు. ఇప్పటికి ఆరు వేలకు పైగా బాక్సులు అలా ఊళ్ల చేతికి వచ్చాయి. సోమర్సెట్‌లో వెస్ట్‌బరీ-సబ్-మెండిప్ అనే ఊరివాళ్లు 2009లోనే దాన్ని లైబ్రరీ చేసుకున్నారు, చదివిన పుస్తకం పెట్టి ఇంకోటి తీసుకుపోతారు. యార్క్‌షైర్‌లో సెటిల్ అనే టౌన్లో చిన్న ఆర్ట్ గ్యాలరీ చేశారు. చాలా ఊళ్లలో లోపల డీఫిబ్రిలేటర్ పెట్టారు, గుండె ఆగినవాళ్లకి షాక్ ఇచ్చే యంత్రం. అది అందడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం పదో వంతు దాకా తగ్గిపోతుందని ఇక్కడి బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ చెబుతూనే ఉంటుంది. మన తెలుగు కుటుంబాల్లో నలభై దాటకుండానే గుండె జబ్బులు ఎంత మామూలైపోయాయో నేను చెప్పాలా?

కాబట్టి సిగ్నల్ లేని చోట ఫోను ఉండాలని రాయాలి. సిగ్నల్ అన్నిటికీ ఉన్న చోట ఫోను పోయినా బాక్స్ ఊరికి కావాలని రాయాలి. నేను ప్రతి బాక్సునీ పట్టుకుని వేలాడమనడం లేదు. పెద్ద సిటీల్లో మూలల్లో, చెత్తా మత్తుమందుల సూదులూ నిండిపోయిన కొత్తరకం గాజు బూతుల్ని తీసేస్తే నాకు అభ్యంతరం లేదు.

ఈ ఎర్ర బాక్స్ ఏమిటో కూడా ఒక ముక్క చెబుతాను, ఎందుకంటే పిల్లలకి దీని పక్కన నిలబెట్టి ఫోటో తీయడమే కానీ మనలో చాలామందికి దీని కథ తెలీదు. 1924లో పెట్టిన పోటీలో సర్ జైల్స్ గిల్బర్ట్ స్కాట్ గీసిన నమూనా గెలిచింది. లివర్‌పూల్ పెద్ద చర్చి కట్టినాయన, బ్యాటర్సీ పవర్ స్టేషన్ బయటి రూపం దిద్దినాయన. పైన ఆ గుండ్రని కప్పు ఉంది చూశారూ, లండన్‌లో సెయింట్ పాంక్రాస్ పాత చర్చి ఆవరణలో సర్ జాన్ సోన్ అనే మరో ఆర్కిటెక్టు కుటుంబ సమాధి ఉంది, దాని కప్పు చూస్తే ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. స్కాట్ అడిగిన రంగు ఎరుపు కాదు, వెండి రంగు. పోస్టాఫీసువాళ్లే దూరానికి కనపడాలని ఎరుపు వేశారు. తర్వాత 1935లో ఐదో జార్జి రాజు గద్దెనెక్కిన రజతోత్సవానికి స్కాటే ఇంకాస్త చిన్నది గీశాడు, కే6 అంటారు, పల్లెల్లో కనిపించేవి ఎక్కువగా అవే. పోత ఇనుము, టేకు తలుపు, బరువు ముప్పావు టన్ను దాకా. దేశమంతా దాదాపు 60 వేలు పెట్టారు. హల్ నగరంలో మాత్రం మీగడ రంగు వేసి ఉంటాయి, అక్కడ టెలిఫోన్లు అప్పట్లో మున్సిపాలిటీవి, పైన కిరీటం గుర్తు కూడా ఉండదు.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి, ఇవి వచ్చిన కొత్తలో పల్లెలవాళ్లే వద్దన్నారు. పచ్చని ఊళ్లో ఈ ఎరుపేమిటని గొడవ చేస్తే, అందమైన ప్రాంతాలు కొన్నింట్లో బూడిద రంగు వేసి కిటికీ పట్టీలకి మాత్రం ఎరుపు వేసేవాళ్లు. 1984లో బీటీ ప్రైవేటు పరమయ్యాక వీటిని పీకి అల్యూమినియం బూతులు పెట్టడం మొదలుపెడితే, అవే ఊళ్లు అడ్డంపడ్డాయి. అలా జనం అడ్డంపడబట్టే 1986 నుంచి కొన్నిటిని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు, ఇప్పుడు ఆ జాబితాలో రెండు వేలకు పైనే ఉన్నాయి. మీ ఊరి బాక్స్ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, ఇంగ్లండులో అయితే హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైటులో ఊరి పేరు కొడితే తెలుస్తుంది. జాబితాలో ఉంటే లోపలి ఫోను పోయినా బాక్సుని అనుమతి లేకుండా కదిలించడానికి లేదు. మాది లేదు.

జవాబు ఎలా రాయాలని మీటింగు తర్వాత క్లర్కుని అడిగాను, ఆయన ఓపిగ్గా చెప్పాడు. అందంగా ఉంటుంది, మన సంస్కృతి అని రాస్తే చదివి పక్కన పెడతారు. ఎక్కడ నిలబడితే ఏ నెట్‌వర్కు అందడం లేదో రాయాలి. కరెంటు పోయిన తేదీలు, ఎన్ని గంటలు పోయిందో రాయాలి. ఎవరు వాడారు, దేనికి వాడారు, మీకు తెలిసినంతవరకు రాయాలి. ఊళ్లో మొబైల్ లేని ముసలివాళ్లు ఎంతమంది, బయటి నుంచి వచ్చే నడకదారులవాళ్లు, సైకిళ్లవాళ్లు ఎంతమంది. పాత రాగి లైన్లని 2027 జనవరి నాటికి దేశమంతా ఆపేస్తున్నారు, కాబట్టి ఉంచే ఫోనుకి కరెంటు పోయినా పనిచేసే బ్యాటరీ పెట్టమని కూడా అడగాలి, ఇది మాత్రం మర్చిపోకండి. సాధారణంగా 90 రోజుల గడువు ఇస్తారు, కానీ కాగితం మన కంట పడేసరికి సగం రోజులు అయిపోయి ఉంటాయి. ఇంగ్లీషు బాగా రాదని వెనకాడేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, మీరు తెలుగులో చెబితే నేను కూర్చుని రాసి పెడతాను. మన అమ్మానాన్నలు ఆరునెలలకి వచ్చి ఇంట్లో ఒక్కళ్లే ఉంటారు కదా, వాళ్ల సంగతి కూడా రాయండి. మా నాన్న వచ్చినప్పుడు సాయంత్రం వాకింగుకి వెళ్తే, చర్చి దగ్గర ఎర్ర డబ్బా కనపడేదాకా తిన్నగా వెళ్లి అక్కణ్నించి వెనక్కి తిరగండి అని చెప్పేవాణ్ని. దారి తప్పితే ఎవరినైనా అడగడానికి ఆయనకి తెలిసిన ఇంగ్లీషు ముక్క కూడా అదే: "రెడ్ బాక్స్".

ఇక దత్తత తీసుకుంటే ఖర్చెవరిది, పెయింటు ఎవరు వేస్తారు అన్నది మా మీటింగులో పెద్ద అడ్డంకి అయింది. పారిష్‌లో డబ్బు లేదు, ఉన్నవాళ్లంతా డెబ్బై దాటినవాళ్లు. ఇక్కడే మనం పనికొస్తాం. ఉగాదికి, దీపావళికి హాలు తీసుకుని వంద మందికి పులిహోర కలపగలిగిన వాళ్లం, రెండు శనివారాలు ఇచ్చి ఒక బాక్స్ గీకి రంగు వేయలేమా? పని నేను కనుక్కున్నాను. పాత పొరల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దకూడదు, మాస్కు కట్టుకుని తడిపి గీకాలి, పిల్లల్ని దగ్గరకి రానివ్వకూడదు. తుప్పు ఆపే ప్రైమర్ ఒక పూత, ఆపైన రెండు పూతలు ఎరుపు. ఏ ఎరుపు అంటే అదీ కాదు, బీఎస్ 381సీ-539 అని నంబరు చెబితే పెయింటు కొట్టువాళ్లు కలిపి ఇస్తారు. పగిలిన అద్దాలు చిన్నచిన్నవే, ఒక్కొక్కటే మార్చుకోవచ్చు. కిరీటానికి కొందరు బంగారు రంగు వేస్తారు, అది మీ ఊరి ఇష్టం.

నిన్న సాయంత్రం వెళ్లి మరోసారి చూశాను. నోటీసు కవరులోకి వాన నీళ్లు దిగి కింది రెండు లైన్లు అలుక్కుపోయాయి, తేదీ ఉన్న లైను వాటిలో ఒకటి. ఇంటికెళ్లి అదే తేదీ పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, లోపలివైపు నుంచి అద్దానికి అంటించాను. గోడ అవతలి ఇంటావిడ కర్ర పట్టుకుని వచ్చి, వచ్చే మంగళవారం రెండో మీటింగు ఉంది, ఆ రాత్రి సంగతి నువ్వు చెబుతావా నన్ను చెప్పమంటావా అని అడిగింది. ఇద్దరం చెబుదామన్నాను. పెయింటు పని మా ఇంటిదని కూడా ఆ రోజే చెబుతాను. హెక్సమ్, న్యూకాసిల్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఒక శనివారం రాగలిగితే పేరు పంపండి, పాత బట్టలు వేసుకురండి, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. దూరంగా ఉన్నవాళ్లు ముందు మీ ఊరి బాక్స్ దాకా ఒకసారి నడిచి వెళ్లి, తలుపు మీద కాగితం ఏమైనా ఉందేమో చూసి రండి.

ఉంటాను,
నార్తంబర్లాండ్ నుంచి మీ తెలుగువాడు